కొలిమికొండ, యానాం ఓడ

మామిడి పూత కోసం చెట్లకేసి చూడకుండా గడిచిన డిసెంబరు నా అరవైయేండ్ల పైచిలుకు జీవితంలో ఒక్కటే. మా అబ్బాయి ఉద్యోగరీత్యా మారిషస్‌లో ఉన్న రోజుల్లో నన్నూ నా శ్రీమతినీ అక్కడికి పిలిపించుకొన్నాడు. అక్కడి నుంచి నైరుతి దిక్కున, విమానంలో ముప్పావుగంట దూరంలో, రీయూనియన్ అనే ఫ్రెంచి ద్వీపం ఉంది. “నాన్నగారూ, ఒక్కరోజులో జలపాతమూ, బతికున్న అగ్నిపర్వతమూ రెండూ చూపిస్తాను” అన్నాడు. నూజివీడు తోటల మధ్య పుట్టి పెరిగిన నాకు నిప్పుకొండ అంటే సాంఘికశాస్త్ర పుస్తకంలో బొమ్మ మాత్రమే.

ఆ బొమ్మతో నాకొక పాత బాకీ ఉంది. ముప్పైయేళ్లకు పైగా తెలుగు చెప్పినవాణ్ణి. సాంఘికశాస్త్రం మాస్టారు రాని రోజున ఆ తరగతి కూడా నా నెత్తినే పడేది. అగ్నిపర్వతాల పాఠం వచ్చినప్పుడు “మన తెలుగుదేశానికి ఈ బెడద లేదర్రా, మనకూ దీనికీ ఏ సంబంధమూ లేదు” అని చెప్పి, పేజీ తిప్పి, ఛందస్సు మొదలుపెట్టేవాణ్ణి. ఎన్ని తరగతులకు అలా చెప్పానో! ఆ మాట ఒకసారి కాదు, రెండుసార్లు తప్పని ఆ ఒక్కరోజు ప్రయాణంలో తెలిసివచ్చింది. ఈ టపా ఆ తప్పు దిద్దుకోవడానికే.

మేము వెళ్లినది డిసెంబరు 20. ఆ రోజు ద్వీపమంతటా సెలవు. 1848లో అదే తేదీన అక్కడ బానిసత్వం రద్దయినట్టు ప్రకటించారు. అరవైవేలకు పైగా మనుషులు ఒక్కరోజులో స్వతంత్రులయ్యారు. దారి పొడవునా ఎర్రగా పూసిన తురాయి చెట్లు, తెల్లవారకముందే ఎక్కడినుంచో డప్పుల చప్పుడు. మా కారులో అబ్బాయి, కోడలు, మనుమడు, మేమిద్దరం. వీరుగాక మా అబ్బాయి సహోద్యోగి, మారిషస్ తెలుగువాడు. ఆయన పూర్వులు కోరంగి రేవున ఓడ ఎక్కినవారు. మారిషస్‌లో తెలుగువాళ్లకు ఆ రేవు పేరే జాతిపేరుగా చాలాకాలం నిలిచింది. ఆయనకు తెలుగు మాట్లాడటం అంతంతమాత్రం, కాని రామభజన పాటలు మాత్రం గడగడా పాడగలడు. ఇంట్లో సింహాద్రి అప్పన్న పూజ తప్పరు. ఫ్రెంచీ, అక్కడి క్రియోలు భాషా వచ్చు కనుక ఆనాటికి ఆయనే మాకు నోరు.

పగలు ఎక్కేకొద్దీ కొండ మీద మబ్బు కమ్ముతుందట. అందుచేత జలపాతాన్ని తిరుగు ప్రయాణానికి వదిలి ముందుగా కొండకే పోయాము. చెరకు పొలాలు, తరువాత వెదురు, ఆపైన ఆవులు మేసే పచ్చికబయళ్లు, ఆ తరువాత ఉన్నట్టుండి ఏమీ లేదు. చెట్టు లేదు, గడ్డి లేదు. నల్లటి, ఎర్రటి బూడిద ఇసుక పరచుకొన్న మైదానం. అది దాటితే రోడ్డు ఒక గోడ అంచున ఆగిపోతుంది. సముద్రమట్టానికి 2,311 మీటర్ల ఎత్తున ఉన్న ఆ అంచును ‘బెల్‌కోంబ్ కనుమ’ అంటారు. 1768లో కొండను చూడవచ్చిన గవర్నరు పేరది. ఈ బెల్‌కోంబే తరువాత 1777లో పుదుచ్చేరికి గవర్నరుగా వచ్చి, మరుసటి ఏడే ఇంగ్లీషువారికి కోటను అప్పగించవలసివచ్చినవాడు. పుదుచ్చేరి కింద ఆనాడు యానాం కూడా ఉండేది కదా! అంటే ఆ కనుమ పేరులోనే మన గోదావరి గాలి కొంచెం ఉన్నదన్నమాట. సరే, అది పిడకలవేట.

అంచున నిలబడి చూస్తే కింద గుర్రపులాడం ఆకారంలో విశాలమైన గుంట, మధ్యలో నల్లని శిఖరం. ఎత్తు 2,632 మీటర్లు. పేరు ‘పిటాన్ ద లా ఫోర్నేజ్’. తెలుగు చేస్తే కొలిమికొండ. మా ఊళ్లో కమ్మరి కొలిమి ఆరినట్టే ఉండి తిత్తి ఊదగానే కణకణలాడేది. ఈ కొండ తీరూ అంతే. పదిహేడో శతాబ్దం నుంచి నమోదైన ఉద్గారాలు నూటయాభైకి పైమాటే. ప్రపంచంలో అతి తరచుగా నిప్పు కక్కే కొండల్లో ఇదొకటి. మేము వెళ్లినరోజు మాత్రం చల్లగా ఉంది. శిఖరం దగ్గర పొగో, మబ్బో తేల్చిచెప్పలేని తెల్లటి తెర తప్ప మరేమీ లేదు. మనుమడికి ఎంత నిరాశో! “తాతయ్యా, ఇది చచ్చిపోయిందా?” అన్నాడు. కునుకు తీస్తోందన్నాను.

అది మేలుకొన్న రోజుల కథలు అక్కడివారికి ఇంటికథలు. గుంట తూర్పువైపు సముద్రానికి తెరచుకొని ఉంటుంది కనుక లావా సాధారణంగా నిర్జన ప్రదేశం గుండా జారి సముద్రంలో కలుస్తుంది. 1977 ఏప్రిల్‌లో మాత్రం గోడ బయట పగులు పుట్టి, సెయింట్ రోజ్ ప్రాంతంలోని ఒక పల్లె మీదుగా పారింది. ఇళ్లను మింగుతూ వచ్చిన ప్రవాహం చర్చి గుమ్మం దాకా వచ్చి, రెండుగా చీలి, చుట్టూ గట్టకట్టుకొని ఆగింది. ఆ గుడికి ఇప్పుడు ‘లావా మాత’ అని పేరు. ఆ దెబ్బతోనే 1979లో అక్కడ శాస్త్రజ్ఞుల పరిశీలనా కేంద్రం వెలసింది. 2007 ఏప్రిల్‌లో ఇంకా పెద్దది వచ్చింది. లావా సముద్రంలోకి పోయి ద్వీపానికి కొత్త నేల చేర్చింది. శిఖరం మీది బిలం మూడువందల మీటర్లకు పైగా లోపలికి కూలిపోయింది.

పండిత పరీక్షలకు చదువుకొన్న ఆదిపర్వంలో ఔర్వుని కథ ఉంది. తనవారిని చంపినవారిపై కోపంతో లోకాలనే కాల్చబోయినవాడు, పితృదేవతల మాట మన్నించి ఆ అగ్నిని సముద్రంలో విడుస్తాడు. అది ఆడగుర్రపు ముఖంతో నీరు తాగుతూ కడలి గర్భంలో ఉంటుంది, అదే బడబానలం. మనవాళ్లకు అన్నీ ముందే తెలుసనే వాదన నాది కాదు, ఆ వాదనతో నాకు ఓపిక కూడా లేదు. అయితే సముద్రపుటడుగు నుంచి కొలిస్తే ఏడువేల మీటర్ల ఎత్తున, నీటిలోంచే నిప్పుగా లేచిన ఆ ద్వీపం మీద నిలబడినప్పుడు, ముప్పైయేళ్లు కేవలం కవిసమయంగా చెప్పిన మాట ఒకటి నోట్లో వేడిగా తగిలింది.

ఇంతలో నా శ్రీమతి శాలువ బిగించుకొంటూ కిందికి వంగి, బొరియలు బొరియలుగా ఉన్న నల్లరాయి నొకదాన్ని చేతిలోకి తీసుకొని, తిప్పి చూసి, “ఏమండీ, ఇది మన గౌరీపట్నం కంకరలా లేదూ? ఇంత డబ్బు పోసి సముద్రం దాటి వచ్చింది కంకర చూడటానికా?” అన్నది. మేము ఇల్లు కట్టినప్పుడు శ్లాబుకు కంకర అక్కణ్ణుంచే లారీలో వచ్చింది. ఆవిడ దగ్గరుండి దింపించింది, కనుక గుర్తు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రాయిని జేబులో వేసుకోబోయిన మనుమణ్ణి కోడలు వారించి అక్కడే పెట్టించింది. అక్కడి రాయి తీసుకుపోకూడదు, రక్షిత ప్రదేశం.

ఇంటికి తిరిగివచ్చాక చదివి చూస్తే నవ్వవలసింది ఆవిడే, మేము కాదు అని తేలింది.

సంగతి ఇది. భూమి లోతుల్లోంచి పైకి వేడి ఎగదన్నే చోట్లు కొన్ని ఉన్నాయి. పైనున్న భూఫలకం కదులుతుంది గాని, కొలిమి మాత్రం దాదాపు ఒకే చోట ఉంటుంది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం, ఇవాళ రీయూనియన్ కింద ఉన్న ఆ కొలిమి మీదుగా ఉత్తరానికి ప్రయాణిస్తున్న ఫలకం మన భారతదేశమే. అప్పుడు పొంగినదే దక్కను పీఠభూమి నల్లరాయి. తరువాత ఆ కొలిమి లక్షదీవులు, మాల్దీవులు, మారిషస్ మీదుగా జాడ వదులుతూ ఇప్పుడు రీయూనియన్ కింద నిలిచింది. భూగర్భ శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది అభిప్రాయం ఇదే. మనకు మరీ దగ్గరి విషయం ఒకటి ఉంది. పశ్చిమ కనుమల వైపు పుట్టిన లావా ఆనాటి నదీలోయలు పట్టుకొని తూర్పున రాజమండ్రి దాకా, దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారిందని పరిశోధకులు రెండు చోట్ల రాళ్లనూ పోల్చి నిర్ణయించారు. భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇవి చేరుతాయి. గోదావరికి ఈవల పంగిడి, గౌరీపట్నం, ఆవల కాతేరు – ఈ ఊళ్ల క్వారీల్లో బయటపడే నల్లరాయి అదే. రెండు లావా పొరల నడుమ ఆల్చిప్పలున్న పొర ఒకటి కనిపిస్తుంది. ఒక పొంగుకూ మరో పొంగుకూ మధ్య అక్కడ సముద్రపు నీరు నిలిచిందన్నమాట.

మా నూజివీడు నేల ఎర్రనేల. దానికీ లావాకూ సంబంధం లేదు. కాని ఒక పూట ప్రయాణంలో ఉన్న గౌరీపట్నం కంకర మా రోడ్ల కింద, మా ఇళ్ల కప్పుల్లో ఉంది. ‘మనకూ నిప్పుకొండకూ సంబంధం లేదు’ అని పిల్లలకు చెప్పిన నేను, ఆ మాట చెప్పేటప్పుడు ఏ రాయి కలిసిన శ్లాబు కింద నిలబడి ఉన్నానో!

ఇది మొదటి తప్పు. రెండవది మనుషులకు సంబంధించినది. అది జలపాతం దగ్గర బయటపడింది.

మధ్యాహ్నానికి కిందికి దిగి సెయింట్ సుజాన్ చేరుకొన్నాము. కోతలు ముగిసి మోళ్లు మిగిలిన చెరకు పొలాల మధ్య ఒక సన్నని దారి. దాని చివర నల్లని కొండగోడ మీంచి దూకే నీరు. ఇరవై అయిదు మీటర్లకు పైమాట, మన ఎత్తిపోతల కంటే కాస్త ఎత్తు. పేరు మాత్రం నయాగరా! పేరు గొప్ప సంగతి అలా ఉంచి, ఆ ద్వీపానికి నీళ్ల కరువు లేదు. 2007 ఫిబ్రవరిలో ఒక తుపానుకు కొండమీద మూడురోజుల్లో 3,900 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. మా నూజివీట్లో నాలుగేళ్లు కురిసేది అక్కడ మూడురోజుల్లో కురిసిందన్నమాట.

ఈ సెయింట్ సుజాన్‌లోనే 1841లో ఎడ్మండ్ అల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస బాలుడు వెనిల్లా పువ్వుకు చేత్తో పరాగసంపర్కం చేసే కిటుకు కనిపెట్టాడు. సన్నని పుల్ల, బొటనవేలు – అంతే. ప్రపంచమంతా వెనిల్లా పండించేది ఈనాటికీ ఆ పద్ధతిలోనే. 1848లో స్వతంత్రుడయ్యాడు గాని 1880లో బీదవాడుగానే చనిపోయాడు. మామిడి అంటు కట్టే చేతుల మధ్య పెరిగినవాణ్ణి కనుక ఆ కుర్రవాడి వేళ్లు నా కళ్లకు కట్టాయి.

ఇక మనవాళ్ల సంగతి. నెపోలియన్ యుద్ధాల తరువాత ఫ్రాన్సుకు మారిషస్ పోయి, అప్పట్లో బుర్బోన్ అని పిలిచే ఈ ద్వీపం మిగిలింది. ద్వీపమంతా చెరకు వేశారు. బానిసల వ్యాపారం చట్టరీత్యా నిషిద్ధమయింది. చాటుమాటుగా సాగినా చాలినంతమంది దొరకలేదు. అప్పుడు దొరల చూపు తమ చేతిలోనే ఉన్న యానాం మీద పడింది. 1828లో యానాం నుంచి పదిహేనుమంది తెలుగువాళ్లను ఒప్పందం మీద ఓడ ఎక్కించి ఇక్కడ దింపారు. ఫ్రెంచి కాగితాల్లో వాళ్ల పేరు ‘తెలింగా’లు. మన త్రిలింగ శబ్దమే! రెండుమూడేళ్లలో ఆ సంఖ్య మూడువేలకు అటూఇటూ అయింది. ఒప్పంద కూలీల చరిత్ర 1834 నవంబరులో కలకత్తా నుంచి మారిషస్ చేరిన ఓడతో మొదలుపెట్టడం వాడుక. పోర్టులూయీలో ఆ కూలీలు దిగిన ఘాట్‌ను 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు కూడా. దానికి ఆరేళ్ల ముందే గౌతమీతీరం నుంచి బయలుదేరిన ఈ పదిహేనుమందిని మన పాఠ్యపుస్తకాలు ఎరగవు. నేనూ ఎరగను.

ఎందుకు పోయారు? కుంపిణీ పన్నులు, ఇంజరం – యానాం నేతబట్టల వర్తకం పడిపోవడం, కాలవలు లేని మెట్టచేలు. కాటన్‌దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. అంతకుముందు గోదావరి సీమ ఈనాటి కోనసీమ కాదు. 1821 – 41 మధ్య రాజమండ్రి జిల్లా జనాభా నాలుగోవంతు తగ్గింది. ఆ నడుమనే 1832 – 33 నందన కరువు. బుర్బోన్‌లో వారికి దొరికినదీ సుఖం కాదు. బానిసల పక్కనే, బానిసలకు అలవాటుపడిన యజమానుల కింద పని. జీతం అందలేదని, తిండి చాలలేదని ఫిర్యాదులు, పారిపోవడాలు. చాలామందిని కొన్నేళ్లకే తిప్పి పంపేశారు. 1848లో బానిసత్వం పోయాక మళ్లీ కూలీలు కావలసివచ్చి పుదుచ్చేరి, కారైకాల్, యానాం రేవులు తెరిచారు. 1860లో ఇంగ్లీషువారితో ఒడంబడిక కుదిరి మద్రాసు, కలకత్తాల నుంచీ తెచ్చారు. 1882లో ఇంగ్లీషువారే దాన్ని ఆపేదాకా మొత్తం లక్ష పైచిలుకు భారతీయులు ఈ ద్వీపానికి వచ్చారు. వారిలో అత్యధికులు తమిళులు. తెలుగువాడైనా తమిళుడైనా అక్కడివారి నోట అందరూ ‘మల్‌బార్’లే అయిపోయారు. మొదట వచ్చినవాళ్ల పేరు చివరికి నిలవలేదు.

జలపాతం చుట్టూ ఆ రోజు వనభోజనాల సందడి. రాళ్లపొయ్యిల మీద పెద్దపెద్ద గిన్నెలు. పక్కన ఒక వృద్ధ దంపతులు, చూడబోతే మన గోదావరి జిల్లాల మనుషుల్లాగే ఉన్నారు. మా మారిషస్ మిత్రుడు పలకరించాడు. ‘మల్‌బార్’లమేనన్నారు. ముత్తాతలు ఇండియా నుంచి వచ్చారట, ఏ ఊరో తెలియదు. నేను ఉండబట్టలేక “తెలింగా?” అని నేరుగా అడిగాను. పెద్దాయన భార్యకేసి చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఆడించింది. ఆ మాటే ఎన్నడూ వినలేదన్నారు.

అయినా అతిథులను ఊరికే పోనిస్తారా? అన్నం, పప్పు ఆకుల్లో పెట్టి ఇచ్చారు. నా శ్రీమతి వాసన పట్టేసి “కరివేపాకు!” అన్నది. “కలుపిలే” అన్నది పెద్దావిడ. నాకు ప్రాణం ఉసూరుమంది. అది తమిళుల కరువేప్పిలై. మునగను వాళ్లు పిలిచే మాట కూడా తమిళం మురుంగై నుంచి వచ్చిందే. వంటింట్లో తెలుగు లేదు.

అప్పుడు మరో గిన్నె మూత తీశారు. పచ్చిమామిడి తురుము, పచ్చిమిరప, ఉప్పు, నూనె. డిసెంబరులో పచ్చిమామిడి! మా తోటల్లో పూత కూడా విచ్చని వేళ వాళ్లకు కాపుకాలం. దాని పేరు అడిగితే “రుగాయ్” అన్నారు. నా గుండె ఒక్కసారి ఎగిరింది. ఊరగాయ! మామిడి సీమవాడికి, భాషాప్రవీణకు, ఇంతకంటే ఏం కావాలి? మారిషస్ మిత్రుడి చెయ్యి పట్టుకొని “చూశారా, ఇది మన మాట” అన్నాను.

రాత్రి విమానంలో ఆలోచిస్తే ఆ గర్వం నిలవలేదు. తమిళంలోనూ అది ఊఱుగాయే. నిఘంటువులు రుగాయ్‌ను తమిళం నుంచే తీసుకొంటాయి. వచ్చినవారి సంఖ్యను బట్టి చూసినా న్యాయం అటువైపే ఉంది. మొదటి పదాక్షరం లోపించడం రెండు భాషల మాటకూ సమానమే కనుక ధ్వనిశాస్త్రం నాకు సాయం రాదు. ఆ పదిహేనుమందిలో ఎవడో ఒకడు ఊరగాయ అని ఉండకపోడు. కాని ఉండకపోడన్నది సాక్ష్యం కాదు. అభిమానానికి ఆధారాన్ని తాకట్టు పెట్టి ఇదివరకే ఒక తప్పుమాట తరగతులకు తరగతులకు చెప్పాను. రెండోది చెప్పదలచుకోలేదు. (రుచి మాటకొస్తే, ఆవపిండి పడలేదని మా ఆవిడ తీర్పు.)

ఒక్క సంగతి మాత్రం కాదనలేనిది. గోదావరి పక్కన చల్లారిన లావా మీదుగా నడిచిన మనుషులు, యానాంలో ఓడ ఎక్కి, ఆ లావాను కన్న కొలిమి దగ్గరికే చేరారు. వాళ్లకది తెలియదు. చెరకు నరుకుతూ రాత్రివేళ కొండమీద ఎర్రటి వెలుగు చూసి ఏమనుకొన్నారో, ఏ అమ్మవారికి మొక్కుకొన్నారో, ఏ భాషలో పిల్లలకు చెప్పారో.

నూజివీడు వచ్చిన నెలకు, తోటల్లో పూత నిండుగా ఉన్న రోజున, నేనొక్కణ్ణే బస్సులో గౌరీపట్నం పోయాను. క్రషరు దుమ్ములో తెల్లబడిన కుర్రవాడొకడు ఎదురొచ్చి “టిప్పరా, ట్రాక్టరా మాస్టారూ?” అని అడిగాడు. ఒక్క రాయి చాలన్నాను. వింతగా చూసి, తనే ఏరి ఇచ్చాడు. అది ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

యానాం, కోరంగి, ఇంజరం, తాళ్లరేవు వైపు మిత్రులెవరైనా ఇది చదివితే ఒక మనవి. మీ ఇళ్లల్లో పెద్దవాళ్ల నోట ‘బుర్బోన్’ అనేమాట గాని, ఆ దీవికి పోయి తిరిగివచ్చినవారి కథ గాని, తిరిగిరాని వారి పేరు గాని ఎప్పుడైనా విన్నారా? విన్నంతమట్టుకే, అలంకారాలు చేర్చకుండా, రాయండి.